గ్లాసుకు నూట డెబ్బై గ్రాములు

"గ్లాసు బియ్యం ఎన్ని గ్రాములే?" జగదీశ్వర్ దుకాణంలోంచే కేకేశాడు.

చేటలో బియ్యం ఏరుతున్న ఇంద్రజ చెయ్యి ఆగిపోయింది. ఆమెకు గ్లాసు తెలుసు. గ్రాములు తెలియవు.

"గిన్నేండ్ల సంది వండుతున్నవ్, గది గూడ తెల్వదా?" అన్నాడు భర్త. సరుకుల కోసం నిలబడ్డ లక్ష్మయ్య నవ్వాడు.

నయాపూల్ దగ్గరి డాక్టరు జగదీశ్వర్‌కు షుగర్ ఉందని, పూటకు ఎంత తినాలో గ్రాముల్లో రాసిచ్చాడు. ఇంట్లో కొలతేమో గ్లాసు. ఫలక్‌నుమాలో వాళ్ల ఇల్లూ కిరాణా దుకాణమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. గ్లాసు కాంటా ఎక్కింది. తలగొట్టి పోస్తే బియ్యం నూట డెబ్బై గ్రాములు తూగాయి, గోధుమపిండి నూట పదే తూగింది. ఇంద్రజ రోజూ పోసినట్టు పైన గోపురం నిలిపి పోస్తే, బియ్యం రెండు వందలు దాటాయి.

"సూసినవా? గిట్ల పోస్తే షుగర్ రాక ఏమొస్తది?" అన్నాడు.

అత్త వాసవాంబ పక్కనే కూర్చుని లెక్క చెప్పింది. కొడుక్కు తొంభై, తనకు తొంభై. కాలేజీ పిల్లలు స్రవ్యకు, వరుణ్‌కు నూట యాభై చొప్పున. అమ్మవారి నైవేద్యానికి పిడికెడు, అంటే ముప్పై.

"ఐదు వందల పది. సరిగ్గ మూడు గ్లాసులు. గంతే పెట్టు బిడ్డా, ఒక్క గింజ ఎక్కువొద్దు."

ఇంద్రజ అంతే పెట్టింది. నైవేద్యం తీసి దండం పెట్టుకుంది, అందరికీ వడ్డించింది. చివరికి తన కోసం గిన్నె వంచితే అడుగున నాలుగు మెతుకులున్నాయి.

ఆ గిన్నెలో రోజూ తనకు ఇంత మిగిలేది. "అందరు తిన్నంక మిగిలింది సాలదా, నువ్వొక్కదానివే గద," అంది అత్త, కాపురానికొచ్చిన వారంలోనే. సరేనంది ఇంద్రజ. ఆ మిగిలేది ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. రోజూ పోసే నాలుగు గ్లాసుల మీద తన చెయ్యి నిలిపే ఆ నాలుగు గోపురాలే తన అన్నమని ఇప్పుడు తెలిసింది. కాంటా వాటిని గీకి బస్తాలో పోసేసింది.

ఇంద్రజ ఒట్టి మజ్జిగ తాగుతుంటే స్రవ్య చూసి, "ఇయ్యాల ఒక్కపొద్దా మమ్మీ?" అంది.

ఆ రోజు బుధవారం. ఇంద్రజ ఒక్కపొద్దుండేది శనివారాలు. అది తనంతట తాను మొక్కుకున్నది, ఆ ఆకలి దేవుడికి చేరుతుందని నమ్మకం. మరి ఈ ఆకలి ఎవరు మొక్కింది, ఎవరికి చేరుతుంది? పటంలోని అమ్మవారి వైపు చూసింది. "తల్లీ, నీ పిడికెడు లెక్కలో ఉంది. వండే చెయ్యి లేదు. ఇది నీకు సమ్మతమేనా?" అని మెల్లగా అడిగింది. దేవుణ్ణి ప్రశ్నించడం ఆమెకు అలవాటు లేదు. అడిగాక భయం వేయలేదు.

మర్నాడు గిన్నె పట్టుకుని తానే దుకాణంలోకి వెళ్లింది. కాంటా మీద పెట్టి, సున్నా చేసి, బియ్యం పోసింది. అంకె ఐదు వందల పదికి వచ్చింది. బస్తాలో చేతులు పెట్టి ఇంకో దోసెడు పోసింది. ఆరు వందల అరవై.

"ఎక్కువైంది, తియ్," అన్నాడు జగదీశ్వర్.

"తియ్య."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఆమెను చూశాడు. "ఎవరన్న సుట్టాలొస్తున్నరా?"

"వచ్చి ఇరవయ్యొక్క ఏండ్లయింది," అంది ఇంద్రజ.