గొంతు విని తీసిన తలుపు

పండుగ నాడు ఎంత పగవాడితోనైనా మూడుసార్లు కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటే లొల్లి తీరిపోతుందని మా దబీర్‌పురా గల్లీలో నమ్మకం. నేనూ నమ్మాను. నా తెలివి అట్లా తెల్లారింది.

నా తమ్ముడు షాహెద్ భార్య మీద చేయి చేసుకునేవాడు. రఫియా ఓర్చి ఓర్చి, చివరికి కూతురు యుస్రను తీసుకుని కార్వాన్‌లో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. కోర్టుకెక్కింది. ఆమె గడప తొక్కకూడదని, ఫోన్ చేయకూడదని, ఎవరితోనూ కబురు పంపకూడదని షాహెద్‌ మీద రక్షణ ఉత్తర్వు వచ్చింది. మీరితే ఏడాది దాకా జైలు. వాడికి ఆ కాగితం చదివి వినిపించింది నేనే. వినిపించి, మడిచి, అల్మారాలో పెట్టాను.

రంజాన్ నమాజ్ అయ్యాక షాహెద్ నన్ను పట్టుకుని ఏడ్చాడు.

“భాయ్, బిడ్డను ఒక్కసారి చూపియ్. మళ్ల అడుగ.”

“నడు. పండుగ పూట ఏ కోర్టు అడుగుతది? నేనున్న గద,” అన్నాను. ఇంటికి పెద్దను కదా, ఆ మాట అనకపోతే నాకు అన్నం సహించదు.

కార్వాన్‌లో తలుపు కూడా నేనే తట్టాను. “రఫియా, నేను వహీద్‌ను. ఈద్ ముబారక్.”

గడియ తీసింది. నా వెనక నిలబడ్డ వాణ్ని చూసేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు మూయబోతే షాహెద్ కాలు అడ్డం పెట్టాడు. “ఇంటికి నడు,” అంటూ మణికట్టు పట్టి గుంజాడు. గాజులు పగిలి చేయి కోసుకుంది. యుస్ర మంచం కిందికి దూరింది. నేను వాణ్ని బయటికి లాగేసరికి జరగాల్సింది జరిగిపోయింది. రఫియా ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి వాణ్ని తీసుకుపోయారు.

వాయిదాకు వెళ్లేముందు మా అమ్మీ నా చేయి పట్టుకుంది. “ఆమెనే పిలిచిందని చెప్పు బేటా. లేకుంటే తమ్ముడు జైలుకు పోతడు.”

చెప్పలేకపోయాను. నాకంటే ముందు బోనెక్కిన రఫియా ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. “భాయ్‌జాన్ గొంతు గుర్తుపట్టి తీసిన సార్. లేకుంటే తియ్యకపోతుంటి,” అంది. ఆ తర్వాత నా నోట అబద్ధం ఎట్లా వస్తుంది? ఉన్నదున్నట్టు చెప్పాను. షాహెద్‌కు మూడు నెలలు పడింది. అమ్మీ నాతో మాట్లాడటం మానేసింది. అది భరించగలను.

ఈ ఏడు పండుగకు షీర్ ఖుర్మా పాయసం గిన్నె పట్టుకుని ఒక్కణ్నే కార్వాన్‌కు వెళ్లాను. మాఫీ అడగాలని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. తలుపు తట్టి నా పేరు చెప్పాను. లోపల చిన్న అడుగులు పరుగెత్తుకుంటూ వచ్చాయి.

“అమ్మీ, తాయాబ్బా వచ్చిండు. తీయనా?” పెదనాన్ననైన నన్ను యుస్ర అట్లాగే పిలిచేది.

“గొంతు విని తీయొద్దని చెప్పిన గద,” అంది రఫియా.

ఆ అడుగులు వెనక్కి వెళ్లిపోయాయి.