మన అప్పు

పొట్టి టీ పెడుతుంటే నేను ఆ వంటింటి కిటికీ వంక చూస్తూ నిలబడ్డాను. కడుపు మండిపోయింది. ఈ ఇంట్లో మేమున్న ఎనిమిదేళ్ళూ నేను అక్కడి గోడకేసి చూస్తూ వండాను. "ఇక్కడో కిటికీ పెట్టిద్దామండీ" అన్నప్పుడల్లా మా ఆయనది ఒకటే మాట: "గోడ ముట్టుకుంటే ఇల్లు కూలుతుంది." పొట్టి వాళ్ళాయన తాపీమేస్త్రీ. ఆమె అడిగిందే తడవుగా ఒక ఆదివారం గోడ కొట్టి కిటికీ పెట్టేశాడు. ఇల్లు కూలలేదు. మా అత్తగారు తన ఎత్తుకు కొట్టించుకున్న అరలు కూడా పొట్టి కోసం కిందికి దిగాయి. నేను మాత్రం అన్నేళ్ళూ స్టూలెక్కి డబ్బాలు దించుకున్నాను.

పొట్టి నా చిన్ననాటి స్నేహితురాలు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. జీతం కాగితాలు లేవని వాళ్ళకు ఏ బ్యాంకూ అప్పివ్వలేదు. అందుకే మేమే ఇల్లు వాయిదాల మీద అమ్మాం. మొత్తం తీరాక రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంటు రాసుకున్నాం. ఆ ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన మా బ్యాంకు అప్పు అప్పటికింకా తీరలేదు, ఇప్పటికీ తీరలేదు. కాగితాల్లో ఉన్నది మా ఆయన పేరు కాబట్టి అది ఎప్పుడూ "నా ఇల్లు". ఉద్యోగం నాది, కోతపడే జీతం నాది కాబట్టి అప్పు మాత్రం "మన అప్పు". మా ఇంటి వ్యాకరణం అది.

కిందటివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. మా ఆయన ఇదే కిటికీ దగ్గర నిలబడి, "వంటిల్లంటే ఇలా ఉండాలి చెల్లెమ్మా!" అని మురిసిపోయి, నా వైపు తిరిగి "నీకెప్పుడూ తట్టలేదేం?" అన్నాడు. నవ్వాను. ఆ నవ్వు ఇంకా దవడల్లో నొప్పిగానే ఉంది.

ఈ పొద్దున షూ లేసులు కట్టుకుంటూ, "రెండు నెలలు బ్యాంకు వాయిదా ఆపు, కారుకి అడ్వాన్సు కట్టాలి" అన్నాడు.

"పొట్టి వాళ్ళిస్తున్న డబ్బో?"

"ఖర్చయిపోయింది."

"తాకట్టు సంగతి వాళ్ళకి చెప్పానన్నారుగా?"

"చెబితే కొనేవాళ్ళా? బ్యాంకు వాళ్ళొస్తే మాత్రం, మన మీదికొస్తారా? ఇంట్లో ఉంటున్నది వాళ్ళేగా."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం హాయిగా అనిపించింది. పోనీ, ఆ కిటికీతో సహా పోనీ అనుకున్నాను. ఆ హాయి వదులుకోవడం ఇష్టంలేకే, మధ్యాహ్నం ఆఫీసుకు పూట సెలవు పెట్టి, వాళ్ళ గిన్నె తిరిగిచ్చే వంకన ఇలా వచ్చాను. పోబోయేదాన్ని కళ్ళారా చూసుకుందామని.

"ఇటు రావే" అంది పొట్టి, గ్లాసు నా చేతికిచ్చి. "ఇక్కణ్ణుంచి మెయిన్ రోడ్డు కనబడుతుంది. రోజూ వండుతూ మీ ఆఫీసు బస్సు చూస్తుంటా. ఎప్పుడు చూసినా కడ్డీ పట్టుకుని నిలబడే ఉంటావు. ఒక్కరోజైనా సీటు దొరకదటే నీకు?"

నేను నిలబడ్డానో కూర్చున్నానో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఇంత కుళ్ళు కడుపులో పెట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డందుకు సిగ్గేసింది.

"పొట్టీ, ఈ ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది. మీకు చెప్పానని మా ఆయన నాతో అబద్ధమాడాడు. మీరిచ్చిందీ బ్యాంకుకు చేరలేదు. ఇక మా ఆయన చేతికి పైసా ఇవ్వకు. అప్పు ఖాతాలోనే కట్టి రసీదు తీసుకో. నా జీతంలోంచి కట్టేది నేను ఆపను. మీరు కట్టేది ఇంటి లెక్కలోకి వచ్చేలా ఆయన చేత బ్యాంకులో సంతకం పెట్టించే పూచీ నాది."

పొట్టి స్టవ్ ఆపేసింది. ముఖం పాలిపోయింది.

"మాకు చెప్పలేదని నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే."

"పొద్దున్న తెలిస్తే, ఇప్పుడా చెప్పేది?"

తిడుతుందనుకున్నాను. చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుంది.

"పద, బ్యాంకు మూసేలోపు మనం వెళ్దాం."

ఆ 'మనం'లో మా ఆయన లేడు.