ధాన్యం చదివింపులు

రొయ్య బతికున్నన్నాళ్ళూ భీమవరం చుట్టుపక్కల చెరువుల ఆసాములు చుట్ట ముట్టించుకోవడానికి వంద నోటు వాడేవారని చెప్పుకునేవారు. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ లేడు. తొంభై అయిదులో తెల్లమచ్చ తెగులొచ్చి ఆ ముచ్చట తీరిపోయింది. రొయ్యలతో పాటు మనుషులూ వెల్లకిలా తేలారు. అలా తేలినవాళ్ళలో రాజమండ్రి నాటకాల కాంట్రాక్టరు దుర్గాసాయి ఒకడు. కళాకారుల డబ్బు కూడా చెరువులోనే పోసి, వేసవిలో ఊరూరా జరిగే తీర్థాలన్నిటికీ వాళ్ళ చేత నాటకాలాడించుకుని, ఆఖరి ఊరు చేరేసరికి దివాలా తీశానని కోర్టులో ఐపీ పెట్టి మాయమయ్యాడు.

ఆ ఆఖరి ఊళ్ళో సత్రం అరుగు మీద రత్నమాణిక్యం కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుగా రాణి వేషాలు కట్టిన మనిషి, ఆ జట్టుకి పెద్ద వేషం. పొద్దుటినుంచి కాఫీ చుక్క లేదు.

ఆ వృత్తిలో ఒక కట్టుబాటుంది. నాటకం కుదిరినట్టు గుర్తుగా కాంట్రాక్టరు తాంబూలం పెద్ద వేషానికి ఇస్తాడు. పెద్ద వేషం తన చేత్తో మిగతావాళ్ళకి పంచుతుంది. డబ్బు రాకపోతే, ఎవరి చేతి ఆకు నమిలారో వాళ్ళనే అడగాలి. ఒకసారి మాట పోయిందంటే ఆ చేతి ఆకు మళ్ళీ ఎవరూ ముట్టరు.

"దుర్గాసాయి మొహం నేనెరగను మాణిక్యమ్మా. నీ చేతి ఆకే నమిలాను," అన్నాడు హార్మోనిస్టు లోవరాజు.

"ఇస్తానన్నయ్యా."

"ఎక్కణ్ణించి? కిరీటం అమ్మి ఇస్తావా? అది అట్ట."

రాజు వేషం వేసే ఏసుపాదం తల వంచుకుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. లోవరాజు దెప్పిపొడుపుల కన్నా ఆ వంచిన తలే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం ఉత్సవ కమిటీ పెద్ద జగన్నాథరావు వచ్చాడు.

"మా ఊరొచ్చినోళ్ళు ఏడుస్తా వెళ్తే మాకు పరువు తక్కువండి. రేపు ఇంకో నాటకం వేసెయ్యండి. చదివింపులన్నీ మీకే. ఆయ్."

పద్యం నచ్చినవాళ్ళు డబ్బిస్తే వాళ్ళ పేరూ ఇచ్చిన మొత్తమూ మైకులో చదువుతారు. అవే చదివింపులు. ఊరంతా తలో చెయ్యీ వేస్తే అందరి బాకీ తీరిపోతుంది. రత్నమాణిక్యానికి ప్రాణం లేచొచ్చింది. అడ్వాన్సు లేనిదే లైట్లవాడు రానన్నాడు కాబట్టి నాటకం పట్టపగలే పెట్టారు.

మే నెల ఎండ పందిరిని లెక్కచెయ్యలేదు. ఏసుపాదం మీసం మొదటి పద్యంలో మూతి మీద ఉంది, రెండో పద్యానికి గడ్డం మీదికి దిగింది, మూడో పద్యానికి సింహాసనం కింద వెతుక్కోవలసి వచ్చింది. జనం మాత్రం విరగబడి వచ్చారు. జగన్నాథరావు మైకు పట్టుకున్నాడు.

"రాణీ గారి పద్యానికి మెచ్చి, పాపారాజు గారు, వెయ్యినూట పదహార్లు!"

ఈలలు పడ్డాయి. ఒకప్పుడు పాతిక ఎకరాల చెరువులున్న పాపారాజు ముందు వరసలో మీసం దువ్వుకున్నాడు. ఆయన చదివించాక పక్కవాడు ఊరుకుంటాడా? రెండువేల నూట పదహార్లన్నాడు. ఆ పక్కవాడు మూడు. మైకు గొంతు బొంగురుపోయింది. లోవరాజు మొహం వెలిగింది.

రత్నమాణిక్యం మాత్రం హార్మోనియం పక్కనున్న పళ్ళెం వైపు చూసింది. అందులో చేపలమ్మే ఆడవాళ్ళు వేసిన చిల్లర, కూలీల అయిదూ పదీ. అంతే. రాత్రి నాటకాల్లో మైకులో చదివినదానికీ పళ్ళెంలో పడినదానికీ తేడా తెలియదు. చీకట్లో చదివించినవాడి ఇంటికి పొద్దున వెళ్ళి వసూలు చేసుకుంటారు. ఇప్పుడు పగలు. పాపారాజు చెయ్యి జేబులోకి వెళ్ళి ఖాళీగా వెనక్కి రావడం ఆమెకి స్పష్టంగా కనబడింది. పక్కాయన చేతిదీ అదే దారి. రొయ్య పోయింది, పరువు మిగిలింది. ఆ పరువునే చదివిస్తున్నారు.

ఇది ఆఖరి పద్యం. రాగం దించితే తెర. తెర పడితే ఈ పెద్దమనుషులు ఇక దొరకరు. అందుకని దించలేదు.

రాగం నడుస్తుండగా లేచిపోతే ఆ సీమలో సరస్వతీదేవికి వీపు చూపినట్టే. ఆమె పాపారాజు కళ్ళలోకి చూస్తూ రాగం తీస్తూనే ఉంది. పందిరి మీద కాకి రెండుసార్లు ఊరవతలికి వెళ్ళొచ్చిందంటారు. ఒకావిడ ఇంటికెళ్ళి ఎసరు పెట్టి వచ్చినా రాగం అక్కడే ఉందట. లోవరాజు హార్మోనియం తిత్తి కొట్టలేక చెయ్యి మార్చాడు. "దించవే తల్లీ!" అని గొణిగాడు. ఆమెకి ఊపిరి చాలడం లేదు. పాపారాజు చెమట తుడుచుకున్నాడు, నేల చూశాడు, లేవలేకపోయాడు.

ఆడవాళ్ళ వైపునుంచి ఆయన భార్య శ్యామలాంబ లేచింది. తిన్నగా వేదికెక్కింది. రాగం ఆగిపోయింది.

"ఊపిరి తీసుకోమ్మా. ఆయన చదివించిన సొమ్ము మా ఇంట్లో లేదు. రొయ్య తినేసింది."

మైకు దగ్గర్లోనే ఉంది. మాట ఊరంతా వినబడింది.

"శ్యామలా! మైకండీ అది!" అన్నాడు పాపారాజు.

"తెలుసండి. ఇందాక మీరు వెయ్యి అన్నప్పుడు కూడా అదే మైకు." రత్నమాణిక్యం వైపు తిరిగింది. "పసుపు కుంకుమ కింద మా పుట్టింటోళ్ళిచ్చిన రెండెకరాలు నేను చెరువు తవ్వనివ్వలేదు. మొన్న కోసిన దాళ్వా ధాన్యముంది. పది బస్తాలు తీసుకెళ్ళండి."

ఎవరూ నవ్వలేదు. జగన్నాథరావు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"శ్యామలాంబ గారు, ధాన్యం, పది బస్తాలు."

పాపారాజు అప్పటికి తలెత్తాడు. "మా ట్రాక్టరు మీద మిల్లుకి తోలిస్తాను. అదీ చదవండి."

ఆ తర్వాత అబద్ధాలాడేవాళ్ళకి పని లేకపోయింది. ఒకరు రెండు బస్తాలు, ఒకరు కుంచెడు మినుములు, ఒకరు కొబ్బరికాయలు. చెరువులో గాలి కొట్టే ఏరియేటరు ఇస్తానని ఒకాయన పట్టుబట్టాడు. "దాన్ని ఏ శ్రుతిలో వాయించమంటారండీ?" అన్నాడు లోవరాజు.

మర్నాడు మిల్లు దగ్గర ధాన్యం అమ్మితే వచ్చింది బాకీలో సగానికి కాస్త పైన. రత్నమాణిక్యం తన వాటా తీసుకోకుండా అందరికీ పంచింది. "మిగిలింది నా మీద ఉంది," అంది. ఆ మాట అనేటప్పుడు ఎవరి మొహమూ చూడలేకపోయింది.

లోవరాజు నోట్లు జేబులో పెట్టుకుని, హార్మోనియం పెట్టె ఎత్తుకుని బస్సు వైపు నడిచాడు. ఏసుపాదం బస్సు వైపు వెళ్ళలేదు. కిళ్ళీ కొట్టుకి వెళ్ళి రెండు తమలపాకులూ ఓ వక్కా కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నిడదవోలు అవతల జ్యేష్ఠంలో తీర్థముందటండి. ఎవరాడిస్తారో ఇంకా తెలీదు," అంటూ అరచెయ్యి చాపాడు.

"తెలీకుండా ఎలా ఇవ్వనయ్యా?"

"నేనడిగేది మీ చేతి ఆకండి."

బస్సు మెట్టు మీదనుంచి లోవరాజు వెనక్కి చూశాడు. రత్నమాణిక్యం ఆకు పట్టుకునే నిలబడింది, ఇవ్వడానికి భయపడుతూ.

"ఎండకి వాడిపోతాదే, తొందరగా ఇయ్యి," అని అరిచాడు లోవరాజు. "నాక్కూడా ఒకటుంచు."