కొక్‌యాంగ్ గుట్ట దిగలేదు

బుంతం తాత చొక్కాను సిపాయిలు నడిబజారులో విప్పించారు.

బాంకాక్‌లో ఎర్రచొక్కాల పార్టీని దించి సైన్యం గద్దెనెక్కి ఇంకా వారం తిరగలేదు. నోన్‌ఖాం సంతలో ఆ పొద్దున తాత గోనెపట్టా మీద వెదురు కొమ్ములు పరుచుకుని కూర్చున్నాడు. కొక్‌యాంగ్ గుట్ట మీద తొలివానకు మొలిచినవి. ఒంటి మీద ఎర్రచొక్కా. ఎరువుల కంపెనీ వాళ్ళు ఊరూరా ఊరికే పంచిన చొక్కా అది, వీపు మీద బస్తా బొమ్మ ఉంటుంది. బజారుకు తొడుక్కొచ్చేందుకు ఆయనకు అదొక్కటే దిక్కు.

"ఏం ముసలోడా, ఎర్రచొక్కాల పార్టీయా?" అన్నాడొక సిపాయి, బూటుకాలితో బుట్టను తన్నుతూ.

"పార్టీ గాదు బిడ్డా, ఎరువుల చొక్కా. ఎనుకకు తిరుగుత, బస్తా బొమ్మ సూడు."

సంతలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే తాత కొంప ముంచింది. సిపాయి చొక్కా విప్పించాడు. ఆ చొక్కాతోనే లారీ చక్రాల బురద తుడిపించాడు. ఎముకలగూడు లాంటి మనిషి చక్రం ముందు గొంతుక్కూర్చుని తుడుస్తుంటే సంత సంతంతా తల దించుకుంది.

"ఇప్పుడు చెప్పు. ఏం రంగు?"

"మీ బండి రంగే సారూ."

చెంప పేలింది. తాత వెదురు కొమ్ముల మీద పడ్డాడు. లేచి, బురదచొక్కాను పిండి, భుజాన వేసుకుని, చెల్లాచెదురైన కొమ్ములను మళ్ళీ బుట్టలో ఏరుకున్నాడు. ఒక్కడూ దగ్గరికి పోలేదు.

ఎదురుగా ఉన్న పాక హోటల్లో పచ్చి బొప్పాయి దంచుతున్న ఖమ్లా చేతిలో రోకలి ఆగిపోయింది. ఆమెదీ కొక్‌యాంగే. తాత ఎత్తుకుని పెంచిన పిల్ల. హోటలు మాత్రం పట్నంలో పెట్టుకుంది. ఊరివాళ్ళకు జిగురన్నం, కాల్చిన కోడి. ఫరంగీలకు కాఫీ, గుడ్లు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలను పెళ్ళాడి, పింఛన్ల మీద బతుకుతున్న తెల్లవాళ్ళు పొద్దున్నే అక్కడ చేరతారు. ఖమ్లా మొగుడు హెన్నింగ్ కూడా వాళ్ళలో ఒకడు. డెన్మార్క్ మనిషి. ఓడల కార్ఖానాలో వెల్డింగు పని చేసి రిటైరయ్యాడు.

తాత చెంప పేలిన చప్పుడు వాళ్ళ బల్ల దాకా వినపడింది. ఒక్క నిమిషం కాఫీ కప్పులు గాలిలో నిలిచాయి.

"ఈ ఊళ్ళో ఇంతమంది సిపాయిల్ని నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు హెన్నింగ్.

"మంచిదేగా," అన్నాడు డెరెక్, ఇంగ్లండులో పోలీసు ఉద్యోగం చేసి వచ్చినవాడు. "ఊరేగింపుల్లేవు, మైకుల్లేవు. రోడ్డు హాయిగా ఉంది. నిన్న ఒక కుర్రాడు నాకు సెల్యూట్ కొట్టాడు కూడా."

ఖమ్లా రోకలి మళ్ళీ పడింది. ఈసారి రోలు పగిలేలా పడింది. వయసులో ఉన్నప్పుడు సముద్రపు ఊళ్ళ హోటళ్ళలో పనిచేసి నేర్చుకుంది ఇంగ్లీషు. వాళ్ళ మాటలు ఆమెకు అర్థమవుతాయి. ఆమె మాటలే వాళ్ళకు అక్కర్లేదు.

ఆ వారమంతా ఆ బల్ల మీద అదే కబురు. సైన్యం బజారులో స్టేజీ కట్టి పాటలు పెట్టింది, ఉచితంగా క్షవరాలు చేసింది, పిల్లలకు ఐసుక్రీములు పంచింది. ఫరంగీలు ఫొటోలు తీసుకున్నారు. తమ అత్తవారి ఊళ్ళలో చూసినవన్నీ తెచ్చి బల్ల మీద పోశారు. నాలావో బడిలో డేరాలు వేశారని ఒకడు. వాగు వంతెన దగ్గర ఇసుక బస్తాలు పేర్చారని హెన్నింగ్. ఇక డెరెక్ నవ్వుతూ అన్నాడు: "అడవి ఆఫీసు ముందు లారీ నిండా మోటారు రంపాలు దించుతున్నారు. అల్లర్లను ఆపడానికి రంపాలెందుకో!"

అందరూ నవ్వారు. ఖమ్లా నవ్వలేదు. బడి, వంతెన, అడవి ఆఫీసు. ఈ మూడూ ఒకే దారిలో ఉన్నాయి. ఆ దారి పోయి ఆగేది కొక్‌యాంగ్ గుట్ట మీద. దొరల బల్లకు అది కాలక్షేపం, గుట్టకు అది చావుకబురు. చేతులు కడుక్కుని, పొయ్యి ఆర్పి, మోటారు సైకిలెక్కింది.

*

ఆ మధ్యాహ్నం గుట్ట మీది బౌద్ధ విహారం మంటపంలో ఊరు కూడింది. చాపల మీద ఆడవాళ్ళు, స్తంభాలకు ఆనుకుని మగవాళ్ళు. ఖమ్లా విన్నదంతా చెప్పింది.

"అడవి భూమంట మనది. ఖాళీ చేపిస్తరు. రబ్బరు చెట్లు కోస్తరు."

"ఎవల అడవి?" బుంతం తాత భార్య సీదా అవ్వ లేచింది. "నేను కొత్త కోడలిగ ఉన్నప్పుడు గీ సైన్యమే మమ్ముల లారీలల్ల తెచ్చి గీ గుట్ట మీద దించింది. అడవిల కమ్యూనిస్టుల ఎర్రసైన్యం దాక్కుంటుంది, చెట్లు నరుకుండ్రి, భూమి మీదే అన్నది. గొడ్డండ్లు గూడ ఆళ్ళే ఇచ్చిండ్రు. నరకంగ నరకంగ నా కడుపుల పిండం పోయింది. ఇప్పుడు మేం అడవి దొంగలమా?"

"రబ్బరు మొక్కలు ఇచ్చింది గూడ సర్కారే," అన్నాడు వెనుక నుంచి ఒకతను.

ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు. "అన్నీ నిజమే. కానీ చేతుల తుపాకులున్నయ్ ఆళ్ళకు. చీమ పోయి ఏనుగుతోని కొట్లాడుతదా? కాళ్ళు మొక్కుదాం. సగం చెట్లన్న ఉంచుమందాం."

"సగం మెడ కోయుమని అడుగుతవా?" అంది ఖమ్లా.

"నీకేంది, నీ మొగడు ఫరంగీ. నీ ఇల్లు పదిలం. సచ్చేది మేము."

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. అబద్ధం కూడా కాదది. మంటపంలో గోల లేచింది. కాళ్ళు మొక్కుదామనేవాళ్ళు, కత్తులు నూరుదామనేవాళ్ళు, పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి పోదామనేవాళ్ళు. బుంతం తాత అప్పుడు లేచాడు. చెంప మీద వాపు ఇంకా తగ్గలేదు.

"మొన్న బజార్ల నేను ఒక్కన్నే ఉంటి. అందుకే కొట్టిండు. మీరందరు సూసుకుంట నిలబడ్డరు, అందుకే మళ్ళ కొడుతడు. నాకు కొట్లాట ఎరుకలేదు. చెట్టు కింద కూసునుడు ఎరుక. ఎవల చెట్టు కింద ఆళ్ళు కూసుందాం. లేవమంటే లేవొద్దు. గంతే."

గొడవ సద్దుమణిగింది. కత్తులు ఇళ్ళలోనే ఉంచాలని, ఆడవాళ్ళు దారికడ్డంగా కూర్చోవాలని, మగవాళ్ళు చెట్ల దగ్గర ఉండాలని ఒప్పుకున్నారు. ఊరి పెద్ద ఒప్పుకోలేదు. కానీ లేచి పోనూ లేదు.

సాయంత్రం హెన్నింగ్ అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. "నువ్వు పోవద్దు ఖమ్లా. నేను ఈ దేశంలో అతిథిని. ఏటా నా వీసా పొడిగించేది వాళ్ళే."

"సమ్మె చేసి ఓడల కార్ఖాన గేటు ముందట మంచుల కూసున్నమని, పోలీసు గుర్రాలు మీదికొచ్చినా లేవలేదని పెండ్లినాటి సంది చెప్తున్నవ్ గద. అదంత వట్టిదేనా?"

"అది నా దేశం."

"గిది నాది," అంది ఖమ్లా. గిన్నె తీసి కడుక్కుంది.

*

మర్నాడు లారీలు పొద్దు ఎక్కకముందే వచ్చాయి. ఆడవాళ్ళు రోకళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఎర్రమట్టి దారి మీద వరసలుగా కూర్చుని ఉన్నారు. కెప్టెన్ దిగాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు, ఇస్త్రీ బట్టల్లాంటి మాట.

"అమ్మలారా, దేశానికి సంతోషాన్ని తిరిగి ఇవ్వడానికి వచ్చాం. అడవి అందరిదీ. దయచేసి దారి ఇవ్వండి. ఐదుగురు, ఆపైన గుమికూడటం నేరమని మీకు తెలుసు కదా."

"మేం గుమికూడలేదు కొడుకా," అంది సీదా అవ్వ. "మేం ఈడనే ఉంటం. గుమికూడింది మీరు."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. కెప్టెన్ కూడా చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వుతోనే చెయ్యి ఊపాడు.

జుట్లు పట్టుకుని లాగారు. బూటుకాళ్ళ కింద చేతివేళ్ళు నలిగాయి. పాలిచ్చే తల్లిని రెక్క పట్టి పక్క కాలువలోకి విసిరారు. ఖమ్లాను ముగ్గురు సిపాయిలు బోర్లా పడేసి, మోకాలు వీపున పెట్టి, చేతులు ప్లాస్టిక్ పట్టీతో బిగించారు. నోట్లో మట్టి. ఒక కన్ను మాత్రమే తెరుచుకుని ఉంది.

ఆ కంటికి హెన్నింగ్ కనబడ్డాడు. పికప్ బండి ఆపి పరుగెత్తుకొస్తున్నాడు. "ఆమె నా భార్య! నా భార్య!" అని అరుస్తున్నాడు. కెప్టెన్ ఎదురు వెళ్ళి చెయ్యి కలిపాడు. శుభ్రమైన ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఒక సిపాయి లారీలోంచి మడతకుర్చీ తెచ్చి వేశాడు. ఇంకొకడు గొడుగు పట్టాడు. చల్లటి నీళ్ళ సీసా చేతిలో పెట్టారు.

హెన్నింగ్ కుర్చీని చూశాడు. నేల మీద ఉన్న పెళ్ళాన్ని చూశాడు. కూర్చున్నాడు.

అంతలో రంపాలు మొదలయ్యాయి. రబ్బరు చెట్లు ఒకదాని మీద ఒకటి కూలుతుంటే కోసిన మోళ్ళ నుంచి పాలు కారి ఎర్రమట్టిని తెల్లగా చేశాయి. మగవాళ్ళను ఒక్కొక్కరినే ఈడ్చి లారీల్లోకి ఎత్తారు. అందరి కంటే ముందుగా కాళ్ళు మొక్కుదామన్న ఊరి పెద్ద కూడా తన చెట్టు కిందే కూర్చుని దెబ్బలు తిన్నాడు. బుంతం తాత చెట్టును కావిలించుకున్నాడు. రంపం పట్టుకున్న కుర్రాడు ఆగిపోయాడు.

"కొయ్యి," అన్నాడు కెప్టెన్.

"సార్, ముసలాయన..."

కెప్టెన్ ఆ కుర్రాడి చేతిలోని రంపం తీసుకోలేదు. పక్క సిపాయికి కనుసైగ చేశాడు. తుపాకి మడమ తాత డొక్కలో దిగింది. ఒకసారి. చేతులు విడలేదు. మళ్ళీ దిగింది. చేతులు విడాయి. చెట్టు కూలిన తర్వాతే ఆయన్ని పక్కకు లాగారు.

*

ఖమ్లాను సైన్యం శిబిరంలో చల్లటి గదిలో ఉంచారు. కళ్ళకు గంతలు కట్టి ప్రశ్నలు వేశారు, గంతలు విప్పి టీ ఇచ్చారు. కొట్టింది ఒకడు, మందు రాసింది ఇంకొకడు. పౌడరు రాసుకున్న ఒక లేడీ ఆఫీసరు "అక్కా, మీ ఆలోచనను సరిదిద్దడానికే ఇదంతా," అని చెయ్యి నిమిరింది. నిద్రపోనివ్వకుండా దేశభక్తి పాటలు పెట్టారు. ఎవరు నేర్పారు, నాయకుడెవరు అని అడిగారు.

"ఆకలైతే అన్నం తినుమని ఎవలన్న నేర్పుతరా?" అంది. ఆ మాటకు మళ్ళీ దెబ్బలు.

వదిలిన రోజు గేటు ముందు హెన్నింగ్ బండి ఉంది. ఎక్కింది. హెన్నింగ్ బండి కదిలించాడు.

"బుంతం పోయాడు," అన్నాడు. "నిన్న. పక్కటెముక లోపల గుచ్చుకుందట. ముసలితనం అని రాశారు."

ఖమ్లా ఏడవలేదు. "గుట్ట మీదికి పోనియ్యి."

"వంతెన దగ్గర సిపాయిలున్నారు. నా బండి నంబరు వాళ్ళ దగ్గరుంది. కొన్నాళ్ళు ఇంట్లో..."

"బండి ఆపు."

"ఖమ్లా, ఆ కుర్చీ... నాకేం చెయ్యాలో తెలియలేదు."

"లేచి నిలబడాలె. గంతే," అంది. దిగి, తలుపు మెల్లగా మూసి, నడిచింది. ఆయన బండి అక్కడే ఆగిపోయి ఉంది, చాలాసేపు.

గుట్ట కింద ఖమ్లాకు దారి కనబడలేదు. దారంతా మనుషులే. నాలావో నుంచి, వాగు అవతలి ఊళ్ళ నుంచి, చెరుకుతోటల కూలీలు, పట్నంలో చదివే పిల్లలు. నలుగురు నలుగురుగా నిలబడ్డారు. నలుగురికీ నలుగురికీ మధ్య బారెడు దూరం. అలా గుట్ట కింది నుంచి నరికిన తోట దాకా.

కెప్టెన్ మొహంలో ఆనాటి నవ్వు లేదు. "ఐదుగురు, ఆపైన..."

"నలుగురమే సార్," అన్నాడొక విద్యార్థి. వెనుక గుంపు అదే మాట అంది. దాని వెనుక గుంపూ అదే మాట. మాట గుట్ట పైదాకా ఎక్కింది.

పాడెను నలుగురే మోశారు. అలసినప్పుడు పక్క నలుగురు అందుకున్నారు. సైన్యం కోసి పడేసిన రబ్బరు మొద్దులనే పేర్చి తాతను పడుకోబెట్టారు. శవం మీద బజారు బురద మరకలున్న ఎర్రచొక్కా. నరికిన నేలలోకి ఎవరూ అడుగు పెట్టకూడదని కట్టిన తీగ ఎప్పుడో తెగి కాళ్ళ కింద పడి ఉంది.

"ఎవరు పిలిచారు వీళ్ళందర్నీ?" కెప్టెన్ గొంతు చీలింది. "నాయకుడెవరు? ముందుకు రావాలి!"

చితి పక్కన విహారం భిక్షువు చదువుతున్న మంత్రం ఆగింది. ఖమ్లా చితి వైపు చెయ్యి చాపింది.

"అగో, పండుకున్నడు. తీస్కపో."

గుట్ట మీద పెద్దగా నవ్వు లేచింది. ఆ నవ్వులో ఏడుపుంది. సిపాయిల వరసలో ఒక కుర్రాడు, మొన్న రంపం పట్టుకున్నవాడే, తల దించుకున్నాడు. కెప్టెన్ తుపాకి తీయించలేదు. తీయిస్తే ఎందరిని కాల్చాలో ఆయనకూ తెలియదు.

సీదా అవ్వ నిప్పు పెట్టింది. పచ్చికట్టెలు ముందు పొగిలాయి, తర్వాత అంటుకున్నాయి. పాలు బుసబుసమని మరిగాయి.

నాలావో నుంచి వచ్చిన ఒక ఆడమనిషి పొగలోంచి ఖమ్లా దగ్గరికొచ్చింది. "అక్కా, మా ఊరి చేన్ల చెట్లకు గూడ కోసేటందుకు ఎర్రరంగు గీతలు పెట్టిండ్రు. రంపాలు మా బడికాడికి దించిండ్రు. రేపే అంటున్నరు. తాత చితి సల్లారినంక... మీరొస్తరా?"

ఖమ్లా జవాబు చెప్పేలోపే సీదా అవ్వ కొంగు బిగించింది.

"సల్లారేదాక ఎందుకు బిడ్డా? ఆయన మంట ఆయన సూసుకుంటడు. నడువుండ్రి."

గుంపులు కదిలాయి. నలుగురు నలుగురుగా గుట్ట దిగి, నాలావో దారి పట్టేసరికి ఆ మధ్యనున్న బారెడు దూరాలు పూడిపోయాయి.