సిమిలీ, చిమ్మిలి

నేను ఒక నల్లబల్లను. నలుపు ఎప్పుడో పోయింది, బల్ల మిగిలింది. మామిడిచెక్కలు జతచేసి నన్ను తయారుచేసిన వడ్రంగి, ఇక ఊరి చదువంతా నా మీదుగానే నడుస్తుందన్నాడు. నడిచింది. నడిచిందల్లా డస్టరు కింద పొడి అయింది.

హైస్కూల్లో కామేశం మాస్టారి ఇంగ్లీషు క్లాసు గోడకు నన్ను తగిలించారు. నన్ను చూసుకునేది దాలినాయుడనే పిల్లవాడు. శనివారం వస్తే దొండాకూ బొగ్గూ నూరి నా ఒంటికి పట్టించేవాడు. అంత శ్రద్ధగా నన్ను మరెవరూ ముట్టుకోలేదు.

ఊడ్పులకు పోయి దాలి బడి మానిన రోజున మాస్టారు సిమిలీ పాఠం చెప్పారు. ఆ మాటా, దాని అర్థమూ నా మీద ఇంగ్లీషులోనే రాశారు. మర్నాడు వాణ్ణే లేపారు.

"ఏరా దాలీ, సిమిలీ అంటే ఏమిటి?"

వాడి మొహం వెలిగింది. ఆ క్లాసులో వాడికి తెలిసిన ప్రశ్న రావడం అదే మొదలు.

"నువ్వులూ బెల్లమూ కలిపి దంచుతారండి. మాయమ్మ సేసిన చిమ్మిలి తింటే దానొళ్లో తొంగున్నట్టుంటాదండి."

క్లాసంతా పగలబడి నవ్వింది. మాస్టారూ నవ్వారు. "పోరా, పోయి నువ్వులు దంచుకో!"

ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చి చెప్పడమే సిమిలీ అని నా మీద రాసి ఉంది. తల్లి ఒడితో పోల్చి వాడు చెప్పనే చెప్పాడు. తెలుగులో చెప్పాడు కాబట్టి ఎవరికీ వినబడలేదు.

ఆనాటి నుంచి వాడి పేరు చిమ్మిలి. శనివారం వచ్చింది, దొండాకు రాలేదు.

వాడి తల్లి వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "బాబూ, మావోడు బడికి ఎల్లనంతన్నాడు. మీరొక్క మాట పిలిస్తే వొత్తాడు."

"పిలుస్తాలే. చిమ్మిలి తెచ్చావా మరి?"

పిల్లలు నవ్వారు. ఎందుకో ఆమెకు తెలియదు. నిజంగానే అడిగారనుకుని మర్నాడు అరిటాకులో కట్టి తెచ్చింది. మాస్టారు ఒక ఉండ నోట్లో వేసుకుని బాగుందన్నారు. చెయ్యి దులుపుకుని ఆ రోజు పాఠం పేరు నా మీద రాశారు: ఐరనీ. అనేదొకటి, అయ్యేదొకటి కావడమట. దాలిని పిలవడం మరిచిపోయారు.

ఏళ్లు గడిచాక గోడకు బొమ్మలు కదిలే తెర వచ్చింది. విరిగిన బెంచీలతో పాటు నన్నూ వేలం వేశారు. కొన్నది దాలినాయుడే. ఆవుల పాకకు తలుపు కావాలట. వాడి జుట్టు నెరిసింది. అరచేత్తో నన్ను ఒకసారి తుడిచి, మేకులు కొట్టాడు. ఇప్పుడు నాకు డస్టరు ఆవుతోక.

మొన్న వాడి కూతురు నాకు ఆనుకుని చదువుకుంటూ అడిగింది. "నాన్నా, సిమిలీ అంటే ఏటి?"

గడ్డి వేస్తున్న చెయ్యి ఆగింది.

"నాకు తెల్దమ్మా. మీ మాస్టర్నడుగు." మిగిలిన గడ్డి వేసి మళ్లీ అన్నాడు. "నవ్వుతాడేమో, ముందు మొకం సూసి అడుగు."