మంట కనబడని పొయ్యి

ఆ సాయంత్రం చిన్న కూతురు ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీయగానే గుప్పున గ్యాస్ వాసన కొట్టింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. అమ్మ సోఫాలో కాళ్లు చాపుకుని నింపాదిగా టీవీ చూస్తోంది. చిన్నది వంటగదిలోకి పరుగెత్తింది. గ్యాస్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచాక అసలు సంగతి బయటపడింది. మొన్నటి జ్వరం పోతూ పోతూ అమ్మకి వాసన తెలియకుండా చేసి పోయింది. ఆవిడ ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

పెద్ద కూతురు ఫోన్లోనే తీర్పు చెప్పేసింది. "అమ్మని నా దగ్గరికి పంపించెయ్. వంటమనిషి ఉందిగా, హాయిగా కూర్చోబెట్టి చూసుకుంటా."

"కూర్చోబెట్టడానికి నేనేమన్నా పూలకుండీనా?" అంది అమ్మ, పక్కనుంచి వింటూ.

అనైతే అంది గానీ ముఖం చిన్నబోయింది. వంటగది లాగేసుకుంటే ఆవిడకి మిగిలేది టీవీ ఒక్కటే. అలాగని వదిలేస్తే చిన్నదానికి ఆఫీసులో ఊపిరాడదు. సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎక్కడ చెడుతుందో ముందే ఊహించడం ఆమె ఉద్యోగం. అలాంటి మనిషి అమ్మనీ గ్యాస్‌నీ ఒకే ఇంట్లో వదిలి వెళ్తే ఇంక పనేం చేస్తుంది?

"నెల్లాళ్లు చూద్దాం అక్కా" అని గడువు అడిగి, సిలిండర్ వెనక్కిచ్చేసి, ఇండక్షన్ పొయ్యి కొనుక్కొచ్చింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి గిన్నెల అడుగున పెట్టి చూసింది. అంటుకున్నవే ఆ పొయ్యికి పనికొస్తాయి.

"సగం ఫెయిలయ్యాయమ్మా."

"ఏం చేద్దాం, ట్యూషన్ పెట్టిద్దామా?"

మొదటిరోజు అమ్మ అలవాటు కొద్దీ గాజు పలక మీద లైటర్ టిక్కుటిక్కుమనిపించింది. తర్వాత వంగి గిన్నె కిందకి చూసింది. "మంట కనబడకపోతే ఇది ఉడుకుతోందో, అలిగి కూర్చుందో ఎలా తెలుస్తుందే?" అంటూ ఉల్లిపాయలు బొగ్గు చేసింది. నాలుగు రోజులు పోయాక మాత్రం మూత పిడి పట్టుకుని, డాక్టరు నాడి చూసినట్టు, ఆ అదురుని బట్టి లోపలి సంగతి చెప్పేయడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా అమ్మ ఫోన్. చిన్నది గబగబా బయటికొచ్చి ఎత్తింది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. నీళ్లు కాచి గిన్నె దించానా, పొయ్యి ఆపడం మర్చిపోయి వెళ్లి పడుకున్నా. లేచి చూస్తే అదే ఆగిపోయి ఉంది."

చిన్నది మీటింగ్ గది తలుపు దగ్గరికి వేసింది.

"ఉన్నావా? తిట్టవేంటి?"

"ఎందుకు తిట్టడం? గిన్నె తీసేస్తే కాసేపటికి అదే ఆగిపోతుంది. దాని పని అది చేసింది."

అమ్మ గొంతు తగ్గించింది. "గ్యాస్ ఉన్నప్పుడు ఇలాంటివి జరిగితే నీకు చెప్పేదాన్ని కాదే. వంటగదికి తాళం వేసేస్తారని భయం."

ఎన్నిసార్లు అని అడగబోయి చిన్నది మానేసింది. గోడకి ఆనుకుని, చాలా రోజుల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుంది. మీటింగ్ కాసేపు ఆగితే కొంపలేం మునగవు. అక్కకి ఫోన్ చేసింది.

"అమ్మ రావట్లేదక్కా."

"మరి వంట?"

"అమ్మే చేస్తుంది. నువ్వు తినడానికి రా."