ఆంథోనీ పేరున

జెసింతా ఆఫీసులో చచ్చిపోయిన ఆంథోనీతో మాట్లాడుతోందని ఆండర్సన్‌పేట కుళాయి దగ్గర పక్కింటి జూలియా చెప్పిందట. "కంప్యూటరు ముందర కూర్చోని, ఏం ఆంథోనీ, ఇట్ల రాసినావే అని తిడతాదంటమ్మా!" బస్సెక్కేలోపే ఆ మాట జెసింతా చెవిన పడింది. ఆమె నవ్వుకుంది. తిట్టడం నిజమే మరి.

శ్రీనివాసపురం మామిడి మండీ వెనక మేడ మీద ఆఫీసు. కిటికీ తెరిస్తే తోతాపురి వాసన, లారీల హారన్లు. జెసింతా కళ్లద్దాల కాడకు ఎర్రదారం చుట్టి ఉంటుంది. తెరలోకి దూరిపోతుందేమో అన్నట్టు ముందుకు వంగి కూర్చుంటుంది. మండీలో తూకం చీటీలు వేసే ప్రోగ్రామును ఆంథోనీ స్మాల్‌టాక్ అనే పాత కంప్యూటరు భాషలో రాస్తే, ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంది. పోయిన ఏడు ఆయన కామెర్లతో పోయాక ఆ బరువంతా ఆమె మీద పడింది.

ఆ భాషది ఉమ్మడి కాపురం. రాసిన ప్రోగ్రామూ, నడుస్తున్న ప్రోగ్రామూ, తెర మీద తెరిచి వదిలేసిన కిటికీలూ అన్నీ ఒకే పెద్ద ఫైలులో ఉంటాయి. సాయంత్రం ఎలా వదిలి వెళితే పొద్దున అలాగే లేస్తుంది. సుఖమే. కానీ ఆ ఫైలు చెడితే అంతా పోయినట్టే. ఇద్దరు కలిసి పని చేయడమూ కష్టం. అందుకే యజమాని రఘునందన్ దాన్ని మామూలు ఫైళ్లలోకి దించి గిట్‌లో పెట్టమన్నాడు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గిట్ గుర్తుపెట్టుకుంటుంది. ఈ సాయంత్రానికి పాత కంప్యూటరు పాత సామాన్ల వాడికి పోతుంది.

మధ్యాహ్నానికి కొత్త కంప్యూటరులో, గిట్‌లోంచి తీసిన ప్రోగ్రాము లేచింది. కింద మండీలో పిల్లప్ప అనే రైతు బండికి తూకం చీటీ సరిగ్గా వచ్చింది.

"అక్కా, నడస్తా ఉండాది!" నమ్రత చప్పట్లు కొట్టింది. ఇకమీద జెసింతాతో కలిసి పని చేయాల్సింది ఆమే.

జెసింతా చప్పట్లు కొట్టలేదు. పాతదానిలో ప్రతి ముక్కకూ రాసినవారి పొడి అక్షరాలుండేవి. చాలావాటికి ఎ.ఎఫ్. అనే, అంటే ఆంథోనీవే. దించేటప్పుడు అవి రాలేదు. గిట్‌లో అంతా ఒకే రోజు, ఒకే పేరు: జెసింతా.

"అయ్యో, దొంగనైపోతినే!"

"ఎవరు చూస్తారక్కా?"

"తప్పు దొరికిన దినం చూస్తారు. ఆయన చేసిన తప్పులకి నన్ను తిట్టల్నా?"

రాసినవారి పేరు వేరుగా, చేర్చినవారి పేరు వేరుగా పెట్టడానికి గిట్‌లో వీలుంది. ఆమె చేర్చినదంతా వెనక్కి తీసి, పాత కంప్యూటరులో ఒక్కో ముక్కా తెరిచి చూస్తూ ఆంథోనీవి ఒక కుప్ప, తనవి ఒక కుప్ప చేసింది. అన్నం డబ్బా మూత తీయలేదు. మధ్యలో అలవాటుగా, "ఏం ఆంథోనీ, ఇట్ల రాసినావే" అంది.

"ఇద్దరూ రాసిండేవి?" అడిగింది నమ్రత.

"బాగుండేవి నావి. బాగలేనివి ఆయనవి. కాదంటే వచ్చి కొట్లాడమను."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులోనే జెసింతా ఇద్దరూ రాసినవన్నీ ఆంథోనీ కుప్పలో వేసింది. ఆ కుప్పను చేర్చేటప్పుడు ఆంథోనీ పేరు పక్కన మెయిలు అడ్రసు అడిగింది గిట్. ఆయనది ఎప్పుడో మూసేశారు. ఆమె అదే కొట్టింది.

పొద్దు వాలాక పాత ప్రోగ్రామును చివరిసారి సేవ్ చేసి మూసింది. ఫ్యాను చప్పుడు తగ్గి, ఆగింది. పాత సామాన్ల వాడు పెట్టె మోసుకుపోయాడు. ఆంథోనీ వేళ్లకు అరిగి అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డు మాత్రం బల్ల మీద మిగిలింది. ఆ ఎ.ఎఫ్.లు ఇంక ఎక్కడా లేవు.

రఘునందన్ వచ్చి కొత్త తెర మీద ఈనాటి తేదీతో ఆంథోనీ పేరు చూశాడు. "ఇదేందమ్మా, పోయినాయన ఈ పొద్దు వచ్చి పని చేసినట్లుండాది? చూసినోళ్లు నవ్వుతారు. ఆ పేరు తీసేయ్. ప్రోగ్రాము నడిస్తే చాలు గదా."

జెసింతా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నేను చచ్చినాక నా పేరూ పీకేస్తారా సార్?"